డెడ్లీ వర్డిక్ట్ (పెరీ మేసన్ ఎపిసోడ్)

‘ద కేస్ ఆఫ్ ద డెడ్లీ వర్డిక్ట్’ అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘పెరీ మేసన్’ ఏడో సీజన్‌లోని ఎపిసోడ్. సీబీఎస్ సంస్థ దీన్ని 1963 అక్టోబరులో ప్రసారం చేసింది. లాస్ ఏంజెలెస్ డిఫెన్స్ లాయరు పెరీ మేసన్ చేపట్టిన హత్య కేసులో జ్యూరీ అతని క్లయింటును దోషిగా తేల్చి, ఆమెకు మరణశిక్ష పడటంతో కథ మొదలవుతుంది. తొమ్మిది సీజన్లలో, 271 ఎపిసోడ్లలో మేసన్ క్లయింటు మరణశిక్ష దాకా వెళ్ళడం ఇదొక్కచోటే. అందువల్ల దీన్ని సాధారణంగా ‘మేసన్ ఓడిన కేసు’ అంటారు. ఓటమి ఎంత ముఖ్యమో, తీర్పు వెలువడ్డాక న్యాయం ఎక్కడ, ఎలా దొరుకుతుందన్న ప్రశ్నను ఈ ధారావాహిక సూటిగా ఎదుర్కోవడమూ అంతే ముఖ్యం. మేసన్ సృష్టికర్త ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ నిజజీవితంలో ఏళ్ళ తరబడి పట్టించుకున్న ప్రశ్న అదే.

ధారావాహిక నేపథ్యం

గార్డ్‌నర్ 1889లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్‌లో పుట్టాడు. సొంతంగా చదువుకుని 1911లో కాలిఫోర్నియా బార్‌లో లాయరుగా నమోదయ్యాడు. ఆక్స్‌నార్డ్, వెంచురా ఊళ్ళలో ప్రాక్టీసు చేస్తూ, అక్కడి చైనీయుల తరఫున చాలా కేసులు వాదించాడు. చవక పత్రికలకు రాత్రిళ్ళు కథలు రాస్తూ రచయితగా స్థిరపడ్డాడు. మేసన్ తొలి నవల ‘ద కేస్ ఆఫ్ ద వెల్వెట్ క్లాస్’ 1933లో వచ్చింది. ఈ పాత్రతో ఆయన 80కి పైగా నవలలు రాశాడు.

1930లలో వార్నర్ బ్రదర్స్ తీసిన మేసన్ సినిమాలు గార్డ్‌నర్‌కు నచ్చలేదు. 1943 నుంచి 1955 వరకు నడిచిన రేడియో ధారావాహిక కూడా ఆయన అనుకున్న దారిలో సాగలేదు. అందుకే టెలివిజన్ దగ్గరికి వచ్చేసరికి పగ్గాలు తన చేతిలోనే ఉంచుకున్నాడు. మాజీ నటి గెయిల్ పాట్రిక్ జాక్సన్, ఆమె భర్త కార్న్‌వెల్ జాక్సన్‌లతో కలిసి పైసానో ప్రొడక్షన్స్ సంస్థ నెలకొల్పాడు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరుగా గెయిల్ పాట్రిక్ జాక్సన్ ధారావాహికను ఆద్యంతం నడిపింది. ఆ కాలపు అమెరికన్ టెలివిజన్‌లో ఆ స్థాయిలో పనిచేసిన స్త్రీలు చాలా అరుదు. స్క్రిప్టులు గార్డ్‌నర్ ఆమోదం పొందాకే చిత్రీకరణకు వెళ్ళేవి.

ధారావాహిక 1957 సెప్టెంబరు 21న మొదలై 1966 మే 22న ముగిసింది. మేసన్‌గా కెనడాలో పుట్టిన రేమండ్ బర్, సెక్రటరీ డెల్లా స్ట్రీట్‌గా బార్బరా హేల్, ప్రైవేట్ డిటెక్టివ్ పాల్ డ్రేక్‌గా విలియం హాపర్, జిల్లా అటార్నీ హామిల్టన్ బర్గర్‌గా విలియం టాల్మన్, పోలీసు లెఫ్టినెంట్ ట్రాగ్‌గా రే కాలిన్స్ నటించారు. మొదట బర్గర్ పాత్ర కోసం పరీక్షకు వచ్చిన బర్‌కు మేసన్ పాత్ర దక్కింది. ఫ్రెడ్ స్టైనర్ కూర్చిన ‘పార్క్ అవెన్యూ బీట్’ శీర్షిక సంగీతంగా ప్రసిద్ధి పొందింది. బర్‌కు 1959, 1961లలో, హేల్‌కు 1959లో ఎమ్మీ పురస్కారాలు లభించాయి. 1966 ఫిబ్రవరిలో ప్రసారమైన ఒక్క ఎపిసోడ్ తప్ప మిగతావన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో తీసినవే. డెడ్లీ వర్డిక్ట్ కూడా అంతే.

అలవాటైన కథాక్రమం

ఈ ఎపిసోడ్ ఎక్కడ దారి తప్పిందో తెలియాలంటే మామూలు క్రమం తెలియాలి. మొదటి సగంలో ఎవరో చిక్కుల్లో పడతారు, ఎవరో హత్యకు గురవుతారు, సాక్ష్యాలన్నీ మేసన్ క్లయింటు వైపే వేలు చూపుతాయి. రెండో సగమంతా కోర్టులోనే. ప్రాసిక్యూషన్ కేసు బిగుస్తున్న వేళ డ్రేక్ ఏదో ఆచూకీ పట్టుకొస్తాడు. మేసన్ క్రాస్ ఎగ్జామినేషన్ ఒత్తిడికి అసలు హంతకుడు సాక్షి బోనులోనో, వెనుక బెంచీల్లోంచి లేచో నేరం ఒప్పుకుంటాడు.

ఆ కోర్టు దృశ్యాల్లో చాలా భాగం జ్యూరీ విచారణలు కావు, ప్రాథమిక విచారణలు. కాలిఫోర్నియాలో ఘోరనేరం మోపిన ముద్దాయిని పై కోర్టుకు పంపేముందు, అందుకు తగిన ఆధారం ఉందో లేదో ఒక న్యాయమూర్తి పరిశీలిస్తాడు. అక్కడ జ్యూరీ ఉండదు. ప్రాసిక్యూషన్ నేరాన్ని నిస్సంశయంగా రుజువు చేయనక్కర్లేదు, విచారణకు సరిపడా కారణం చూపిస్తే చాలు. సాధారణంగా డిఫెన్స్ లాయర్లు ఈ దశలో తమ వాదం బయటపెట్టరు, అవతలి పక్షం దగ్గర ఏముందో తెలుసుకుని ఊరుకుంటారు. మేసన్ మాత్రం అక్కడే కేసు తేల్చేస్తాడు. నిర్మాణపరంగా దీనివల్ల పన్నెండుమంది జ్యూరీ సభ్యులను తెరమీద కూర్చోబెట్టే పని తప్పింది. కథాపరంగా దీనికి పెద్ద పర్యవసానమే ఉంది. ధారావాహికలో సత్యం ఎప్పుడూ తీర్పుకంటే ముందే వచ్చి చేరేది. కాబట్టి తీర్పు తప్పైతే ఏమిటన్న ప్రశ్న లేవడానికి తావే ఉండేది కాదు.

తెలుగు పాఠకులకు ఈ దశ కొత్తది కాదు. 1898 నాటి భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మేజిస్ట్రేటు సాక్ష్యం విని కేసును సెషన్స్ కోర్టుకు కమిట్ చేసే పద్ధతి ఉండేది. 1973 కోడ్ ఆ విచారణను తీసేసి, కమిట్ చేయడాన్ని లాంఛనంగా మార్చింది. (చూ. కమిట్‌మెంట్)

ఎపిసోడ్ కథ

మిగతా కథలు ముగిసేచోట ఇది మొదలవుతుంది. జ్యూరీ విచారణ పూర్తయింది. హత్య చేసిందన్న అభియోగంపై జానిస్ బార్టన్ దోషి అని తీర్పు వెలువడుతుంది. శిక్ష గ్యాస్ చాంబర్‌లో మరణం. మేసన్ తన కుర్చీలోనే ఉన్నాడు, వాదించవలసిందంతా వాదించాడు, ఓడిపోయాడు. ఈ ధారావాహికలో ప్రేక్షకుడు ఏళ్ళ తరబడి ఎదురుచూడటానికి అలవాటుపడ్డ ఒప్పుకోలు ఇక్కడ రాలేదు.

మిగిలిన కథంతా శిక్ష అమలయ్యేలోపు జరగాల్సిన వెతుకులాట. క్లయింటు తనకు పూర్తి నిజం చెప్పలేదని మేసన్‌కు తెలుస్తుంది. దాచిన ఆ నిజమే కేసును దెబ్బతీసింది. ఈ మలుపు గార్డ్‌నర్ నవలల్లో పదేపదే వచ్చే సూత్రాన్ని చివరంటా తీసుకెళ్తుంది. మేసన్ దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఏదో దాస్తారు, మరొకరిని కాపాడాలనో, సిగ్గుపడో, భయపడో. మిగతా కథల్లో ఆ అబద్ధం మేసన్ పనిని కష్టం చేస్తుంది, అంతే. ఇక్కడ అదే ప్రాణం మీదికి తెస్తుంది. చివరికి మేసన్ అసలు హంతకుణ్ణి బయటపెట్టి జానిస్ బార్టన్‌ను శిక్ష నుంచి తప్పిస్తాడు. కాబట్టి ఓటమి అంతిమం కాదు, అయినా అది మామూలు కథల్లో లాగా పైపై ప్రమాదమూ కాదు. జ్యూరీ తీర్పు ఇచ్చింది, న్యాయస్థానం శిక్ష వేసింది. ఆ రెండూ కథలో నిజంగా జరిగిన సంఘటనలు.

జానిస్ బార్టన్‌గా జూలీ ఆడమ్స్ (1926–2019) నటించింది. 1954 నాటి ‘క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లాగూన్’ సినిమా కథానాయికగా ఆమె అప్పటికే సుపరిచితురాలు. ‘పెరీ మేసన్’లోనే ఆమె నాలుగు ఎపిసోడ్లలో కనిపించింది. జనం ఎక్కువగా గుర్తుంచుకున్నది మాత్రం ఈ పాత్రనే.

చట్టపరమైన సందర్భం

తీర్పు నుంచి శిక్ష దాకా. కథ నడిచిన కాలానికి కాలిఫోర్నియాలో మరణశిక్ష పడదగిన హత్య కేసులు రెండు అంచెలుగా జరిగేవి. 1957లో వచ్చిన మార్పు ప్రకారం జ్యూరీ మొదట ముద్దాయి దోషా కాదా అన్నది తేల్చాలి. దోషి అయితే, యావజ్జీవమా మరణమా అన్నదానిపై విడిగా సాక్ష్యం వినాలి. దోషిత్వ తీర్పు చదివాక ఏ పక్షమైనా కోరితే జ్యూరీ సభ్యుల్ని ఒక్కొక్కరినే ‘ఇది మీ తీర్పేనా’ అని అడుగుతారు. పన్నెండుమందీ అవునంటేనే ఆ తీర్పు నిలుస్తుంది.

ఆ తరువాతి దారులు ఇరుకైనవి. శిక్ష విధించకముందే కొత్త సాక్ష్యం దొరికితే విచారణ జరిపిన న్యాయమూర్తినే పునర్విచారణ కోరవచ్చు. మరణశిక్ష పడితే అప్పీలు ముద్దాయి వేయకపోయినా దానంతటదే రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్తుంది. 1935 నుంచి అమల్లో ఉన్న ఏర్పాటు ఇది. అయితే అప్పీలు కోర్టు ప్రధానంగా రికార్డులో ఉన్నదాన్ని చూస్తుంది. జ్యూరీ ముందుకు రాని నిజం ఆ కాగితాల్లో ఉండదు. దాన్ని తెచ్చేందుకు మిగిలే మార్గాలు హేబియస్ కార్పస్, గవర్నరు క్షమాభిక్ష. డెడ్లీ వర్డిక్ట్‌లో మేసన్ ఇబ్బంది సరిగ్గా ఇక్కడే ఉంది. చట్టప్రకారం విచారణలో తప్పేమీ దొర్లలేదు, కానీ జ్యూరీ విన్న కథ నిజం కాదు.

భారతదేశంలో సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ఖాయపరిచేదాకా అమలు చేయకూడదన్న నియమం ఈ తప్పనిసరి అప్పీలుకు దగ్గరగా ఉంటుంది. పైగా మన హైకోర్టుకు అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం ఉంది. జ్యూరీ పద్ధతి మాత్రం మనకు దూరమైపోయింది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అని చెప్పగా హైకోర్టు దాన్ని తోసిపుచ్చి శిక్ష వేసింది. ఆ వివాదం తరువాత జ్యూరీ విచారణలు క్రమంగా కనుమరుగయ్యాయి. (చూ. జ్యూరీ, నానావతి కేసు)

సాన్ క్వెంటిన్. జానిస్ బార్టన్‌కు పడిన శిక్ష ఆనాటి ప్రేక్షకులకు కల్పనగా అనిపించి ఉండదు. సాన్ క్వెంటిన్ జైలులో గ్యాస్ చాంబర్ 1938 నుంచి వాడుకలో ఉండేది. లేత ఆకుపచ్చ రంగు వేసిన ఎనిమిది పలకల ఉక్కు గది అది, చుట్టూ సాక్షులు చూసేందుకు కిటికీలు, లోపల పక్కపక్కనే రెండు కుర్చీలు. కుర్చీ కింద ఆమ్లంలోకి సయనైడ్ గుళికలు జారవిడిచేవారు. మరణశిక్ష పడిన స్త్రీలను కరోనా దగ్గరి మహిళా కారాగారంలో ఉంచి, శిక్ష అమలుకు ముందు సాన్ క్వెంటిన్‌కు తీసుకొచ్చేవారు.

1955 జూన్ 3న బార్బరా గ్రాహమ్‌కు ఇక్కడ శిక్ష అమలైంది. ఆ ఉదయం చివరి నిమిషాల్లో రెండుసార్లు వాయిదా పడి, మళ్ళీ ముందుకు సాగింది. 1958లో ఆమె కథతో వచ్చిన ‘ఐ వాంట్ టు లివ్!’లో నటించిన సూసన్ హేవార్డ్ ఆస్కార్ గెలుచుకుంది. 1960 మే 2న, పన్నెండేళ్ళ వ్యాజ్యం తరువాత, కారిల్ చెస్మన్‌కు శిక్ష అమలైనప్పుడు ప్రపంచమంతటా నిరసనలు వినిపించాయి. ఎలిజబెత్ డంకన్‌కు 1962 ఆగస్టు 8న అమలైంది. కాలిఫోర్నియాలో మరణశిక్షకు గురైన చివరి స్త్రీ ఆమే. ఈ ఎపిసోడ్ అప్పటికి ఏడాది కాలానికి కాస్త పైన ప్రసారమైంది. కాబట్టి తెరమీద ఒక స్త్రీకి గ్యాస్ చాంబర్ శిక్ష పడటం, ఆ రాష్ట్ర ప్రేక్షకుడు నిన్నమొన్న పత్రికల్లో చదివిన విషయమే.

1963. అదే సంవత్సరం అమెరికా సుప్రీంకోర్టు క్రిమినల్ విచారణలకు సంబంధించి రెండు మూల తీర్పులు ఇచ్చింది. మార్చి 18న గిడియన్ కేసులో, ఘోరనేరం మోపిన పేద ముద్దాయికి రాష్ట్రం లాయరును ఏర్పాటు చేయాలని చెప్పింది. మే 13న బ్రేడీ కేసులో, ముద్దాయికి అనుకూలించే ముఖ్యమైన సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని నిర్దేశించింది. డెడ్లీ వర్డిక్ట్‌లో దాచింది ప్రాసిక్యూషన్ కాదు, ముద్దాయే. అయినా రెండు చోట్లా ఫలితం ఒకటే, నిజంలో కొంత భాగం లేకుండానే జ్యూరీ తీర్పు చెప్పింది.

గార్డ్‌నర్ ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’

కల్పనలో మేసన్ ఒక్కసారి చేసిన పనిని గార్డ్‌నర్ వాస్తవంలో చాలాసార్లు చేశాడు. కాలిఫోర్నియాలో హత్యానేరంపై మరణశిక్ష పడ్డ విలియం మార్విన్ లిండ్లీ అనే దిమ్మరి కూలీ కేసు 1940లలో ఆయన దృష్టికి వచ్చింది. విచారణ రికార్డు ముందేసుకుని, నేరం జరిగిన రోజున ఎవరు ఏ సమయంలో ఎక్కడున్నారో సాక్షుల మాటల్లోంచే వరసగా రాసుకున్నాడు. ఆ కాలక్రమం ప్రకారం లిండ్లీ నేరస్థలంలో ఉండే వీల్లేదని తేలింది. జ్యూరీ ముందు ఆ వాంగ్మూలాలన్నీ ఉన్నాయి, వాటిని గడియారం ప్రకారం పక్కపక్కన పేర్చి చూపినవారే లేరు. గవర్నరు ఎర్ల్ వారెన్ ఆ శిక్షను యావజ్జీవంగా తగ్గించాడు.

ఈ అనుభవం నుంచి 1948లో ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ పుట్టింది. ‘ఆర్గొసీ’ పత్రిక ప్రచురణకర్త హ్యారీ స్టీగర్ అండతో, అన్యాయంగా శిక్షపడ్డారనిపించిన ఖైదీల కేసులను నిపుణుల బృందం ఉచితంగా పరిశీలించేది. వైద్య న్యాయశాస్త్ర నిపుణుడు లెమోయిన్ స్నైడర్, డిటెక్టివ్ రేమండ్ షిండ్లర్, పాలిగ్రాఫ్ నిపుణుడు లియొనార్డ్ కీలర్ అందులో సభ్యులు. దానికి అధికారమేమీ లేదు, తీర్పు ఇవ్వలేదు. సేకరించినదాన్ని పత్రికలో అచ్చువేసి ప్రజల ముందు, అధికారుల ముందు పెట్టడమే దాని బలం. ఈ కృషిపై గార్డ్‌నర్ 1952లో తెచ్చిన పుస్తకం ఎడ్గార్ పురస్కారం పొందింది. ఎన్‌బీసీలో 1957–58లో అదే పేరుతో ధారావాహిక కూడా నడిచింది.

వారం వారం కోర్టులో గెలిచే మేసన్‌కు, జైలు గోడల వెనుక నుంచి వచ్చిన ఉత్తరాలు చదివే గార్డ్‌నర్‌కు నడుమ చాలా దూరం కనిపిస్తుంది. ఆ ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నట్టు అనిపించే అరుదైన ఎపిసోడ్ ఇది. (చూ. అన్యాయ శిక్షలు, గార్డ్‌నర్, ఎర్ల్ స్టాన్లీ)

మేసన్ ఇతర ఓటములు

మేసన్ ఏదో ఒక రూపంలో ఓడినట్టు చెప్పే ఎపిసోడ్లు ఇంకో రెండు ఉన్నాయి. 1958లో వచ్చిన ‘ద కేస్ ఆఫ్ ద టెరిఫైడ్ టైపిస్ట్’లోనూ జ్యూరీ క్లయింటును దోషిగా తేలుస్తుంది. అయితే ఆ పేరుతో విచారణకు నిలబడ్డ మనిషి అసలు ఆ పేరుగలవాడే కాదని మేసన్ అప్పటికప్పుడు నిరూపించడంతో తీర్పు నిలవదు. అది చమత్కారమైన న్యాయపు మెలిక, పెద్దగా భయం కలిగించదు. 1963 మేలో వచ్చిన ‘ద కేస్ ఆఫ్ ద విట్‌లెస్ విట్‌నెస్’ ఆరంభంలో మేసన్ ఒక కేసు ఓడతాడు, ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తే తరువాత హత్యారోపణలో చిక్కి అతని క్లయింటు అవుతాడు. ఈ మూడింటిలో నిరపరాధికి నిజంగా శిక్ష పడింది డెడ్లీ వర్డిక్ట్‌లోనే.

హామిల్టన్ బర్గర్ పాత్ర కోణంలో కూడా దీన్ని చూడాలి. ఎప్పుడూ ఓడే జిల్లా అటార్నీగా బర్గర్ నవ్వులపాలైన మాట నిజమే. కానీ టాల్మన్ అతన్ని కుట్రదారుగా ఏనాడూ చూపలేదు. తన ముందున్న సాక్ష్యాన్ని నమ్మి పనిచేసే అధికారిగా చూపాడు. బర్గర్ గెలిచిన ఈ ఒక్క కేసులోనూ తప్పు మనిషికి శిక్ష పడింది. నిజాయితీగా నడిచిన ప్రాసిక్యూషన్ కూడా నిరపరాధిని మరణం దాకా తీసుకెళ్ళగలదని చెప్పడం, దుర్మార్గుడైన అధికారిని చూపించడం కంటే కష్టం.

స్పందన, ప్రభావం

‘పెరీ మేసన్’ తరువాత అమెరికన్ కోర్టుల్లో బోనులో నాటకీయంగా నిజం కక్కించడాన్ని ‘పెరీ మేసన్ క్షణం’ అనడం వాడుకైంది. అలాంటి క్షణం వస్తుందని జ్యూరీ సభ్యులు ఎదురుచూస్తారేమోనన్న ఆందోళన న్యాయవాదుల్లో ఉంది. ఆ క్షణం రాని కథగా డెడ్లీ వర్డిక్ట్ వాస్తవ న్యాయస్థానానికి మిగతావాటికంటే దగ్గర. అయితే చివర్లో అసలు దోషి బయటపడటంతో ఇదీ చుట్టూ తిరిగి పాత దారికే చేరుతుందన్నది ఒప్పుకోవలసిన పరిమితి.

ఈ ఎపిసోడ్ 2009 జులైలో అమెరికా సెనేట్‌లో చర్చకు వచ్చింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి సోనియా సోటోమయార్ నియామకంపై జ్యుడీషియరీ కమిటీ విచారణ అది. చిన్నప్పుడు ‘పెరీ మేసన్’ చూసి ప్రాసిక్యూటరు కావాలనుకున్నానని ఆమె చెప్పింది. నిర్దోషి బయటపడినప్పుడు కూడా ప్రాసిక్యూటరు తన పని చేసినట్టేనన్న భావం ఆ ధారావాహికలో తనను ఆకట్టుకుందని వివరించింది. మిన్నెసోటా సెనేటరు అల్ ఫ్రాంకెన్, బర్గర్ గెలిచిన ఆ ఒక్క కేసు పేరేమిటని అడిగాడు. ఆమెకు పేరు గుర్తుకు రాలేదు. ఆ ఆగస్టులోనే ఆమె ప్రమాణ స్వీకారం చేసింది.

తరువాతి రూపాలు

1985 డిసెంబరులో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ‘పెరీ మేసన్ రిటర్న్స్’ టీవీ సినిమాలో బర్, హేల్ తమ పాత్రలకు తిరిగొచ్చారు. అప్పటికి మేసన్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి. హత్యారోపణలో చిక్కిన డెల్లా తరఫున వాదించడానికి ఆ పదవి వదులుకుంటాడు. 1993లో మరణించేదాకా బర్ ఈ వరసలో 26 టీవీ సినిమాల్లో నటించాడు. వాటిలో కథలు మళ్ళీ పాత క్రమాన్నే అనుసరించాయి.

2020లో హెచ్‌బీఓ తెచ్చిన కొత్త ధారావాహికలో మాథ్యూ రీస్ మేసన్‌గా నటించాడు. తొలి సీజన్‌లో బోనులో ఒప్పుకోలు మేసన్ ఊహలోనే జరుగుతుంది. అసలు విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక, కేసు మిస్‌ట్రయల్‌గా ఆగిపోతుంది.